నలభై రెండో నిమిషం

ఉప్పల్ స్టేషన్ల ఛాయ్ కోసం దిగిన.
మళ్ల ఎక్కేసరికి
సీటు మీద నా రుమాలు ఉన్నది,
రుమాలు కింద బ్యాగు లేదు.

బ్యాగుల ల్యాప్‌టాప్, అండ్ల హసన్‌పర్తి పెండ్లి.
ఒక్కటే కాపీ.
కెమెరా కార్డులు తుడిచి అప్పటికే ఇంకో పెండ్లి తీసిన.
మళ్లొక్కసారి చేసుకోండ్రి అని ఎవలను అడుగుత?

కాజీపేట రైల్వే పోలీసు హెడ్డు కొమురెల్లి
రంగు రాసుకున్నడు, మూత మీది గీత రాసుకున్నడు,
"దొరుకుడు కష్టమే తమ్మీ" అని పెన్ను మూసిండు.
లోపల ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నది సార్,
నెట్టు తగిలితే జాగ చెప్తది,
తెరిచినోని ఫోటో పంపుతది అన్న.
పెన్ను మళ్ల తెరిచిండు.

మూడు దినాలు ఏం లేదు.
పెండ్లికొడుకు తండ్రి ఫోన్ చేస్తే
"రెండరింగ్‌ల ఉన్నది" అన్న.
నాలుగో రాత్రి, పదకొండు దాటినంక,
సోమిడి మీద నీలి చుక్క వెలిగింది.
పాస్‌వర్డ్ పెట్టని నా బద్దకం
ఆ ఒక్క రాత్రి అక్కరకొచ్చింది.

మొదటి ఫోటోల ఇంటి కప్పు, ఫ్యాను రెక్క.
రెండోదాంట్ల ఒక మొగోని మొఖం,
గదువ కింద పసుప్పచ్చని వెలుగు.
ఆ వెలుగు నాదే, మంటపంల నేను పెట్టిన లైట్లది.
మూడోదాంట్ల
బనీను భుజానికి కండ్లు తుడుసుకుంటున్నడు.

అదే రాత్రి స్టేషన్‌కు ఉరికిన.
కొమురెల్లి అద్దాలు పెట్టుకొని చూసిండు.
"ఏమున్నదిరా అందుల?"
"అప్పగింతలు సార్."
"ఎవల బిడ్డ?"
"ఎవల బిడ్డనో."

తెల్లారంగ పోయినం.
పేరు ఓదెలు. కాదనలే, ఉరకలే.
బియ్యం బస్తా మీద ల్యాప్‌టాప్,
దుమ్ము పడకుంట పైన తువ్వాల.
జీపెక్కుకుంట నన్నే అడిగిండు:
"అన్నా, ఆ ముసలాయన పిల్లకు ఏమైతడు?"

కోర్టు కాగితం అయ్యేసరికి పదకొండు దినాలు.
ఇంటికాడ తెరిస్తే
వీడియో నలభై రెండో నిమిషంల ఆగి ఉన్నది.
కారు కిటికీల చెయ్యి పెట్టి
ఒక ముసలాయన యాభై నోటు ఇయ్యబోతడు,
అద్దం పైకి లేస్తది,
నోటు ఆయన చేతిలనే మిగులుతది.
ఫోకస్ పోయింది, కెమెరా ఊగింది,
కోసేద్దామని నేను గుర్తు పెట్టుకున్న ముక్క.

కొయ్యలే.

ఫోన్ చేసి పెండ్లికొడుకు తండ్రిని అడిగిన,
ఆ ముసలాయన ఎవలని.
"ఏ ముసలాయన?" అన్నడు.