పొయ్యికాడి చెప్పులు

పొద్దుగాల మంచం దిగితే
నన్ను మొదాల కుట్టేది భూమే.
తేలు కాదు, గాజుపెంక కాదు,
మడిమె నడిమిట్ల ఎవలో సూది గుచ్చి
దారం గుంజినట్టు.
గోడ పట్టుకొని పదడుగులు కుంటితే
కొంచెం ఇగ తగ్గేది.
తగ్గింది గద అని మరిచేదాన్ని.
తెల్లారి మళ్ల అదే సూది, అదే దారం.

మర్రిగూడ దిక్కు పుట్టినోళ్లం,
మాకు నొప్పి అంటే నీళ్లే.
మా అమ్మ నలభై ఏండ్లకే
నేలను తప్ప మొగులును చూడలే.
ఎవలన్న పిలిస్తే
మెడ తిరుగక మనిషంత తిరిగేది.
నాకు మడిమె నొయ్యంగనే
వచ్చింది నా వంతు అనుకున్న.
ఎవలకు చెప్పలే.
బడిల నూట పన్నెండు మంది పిల్లలకు
బండల మీద ఉత్తకాళ్లతోని నిలబడి
అన్నం వార్చిన, పప్పు ఎనిపిన.
రాత్రి ఇటుకపెళ్ల కాల్చి
జిల్లేడాకు పరిచి మడిమె ఆనిచ్చిన.
సుకంగనే ఉండేది,
ఆకు వాడేదాంక.

నల్లగొండ పెద్దాసుపత్రిల
ఫోటువ తీసిండ్రు.
మడిమె ఎముక కింద ముల్లు,
తుమ్మముల్లు లెక్క తెల్లగ.
"గిదేనా సారూ?" అన్న, పాణం జారి.
"దాని జోలికి పోకు,
నొప్పి లేనోళ్లకు గూడ ఉంటది గసొంటి ముల్లు."
మెడ తిప్పిచ్చిండు, నడుము వంగమన్నడు,
మోచేతులు సాపిచ్చి చూసిండు.
"నీది నీళ్ల రోగం కాదమ్మా."

గా మాట నాకు శానసేపు అందలే.
చీటి చేతుల ఉన్నది,
ఎనక లైనోళ్లు లేవమంటుండ్రు.
నయమయ్యే నొప్పి గూడ ఒకటి ఉంటదని
మా ఇంట్ల ఎవ్వరు చెప్పలే.

పక్క గదిల ఫిజియో పిల్ల, నుస్రత్,
నా పాదం ఒళ్లె పెట్టుకుంది.
గుంజుకున్న. పగుళ్లు, పసుపు మరకలు.
ఆమె ఇడువలే.
"మడిమె నుంచి వేళ్ల దాంక
అరికాలు కింద ఒక పట్టీ ఉంటది పెద్దమ్మా,
నులకమంచానికి కాళ్లదిక్కు బిగిచ్చే తాడు లెక్క.
నువ్వు పండితే అది ముడుచుకుంటది,
లేశి నిలబడంగనే పోసలు చిట్లుతయి.
అతుక్కుందామంటే నువ్వు ఆగవు."

మంచం దిగకముందే
తువ్వాల పాదానికేసి గుంజి ముప్పై లెక్కవెట్టాలె.
గోడకు చేతులానిచ్చి పిక్క సాపాలె,
ఎనక మడిమె నేల ఇడువొద్దు.
సీసాల నీళ్లు గడ్డగట్టిచ్చి
అరికాలు కింద దొర్లియ్యాలె.
"ఎన్నొద్దులు బిడ్డా?"
"నెలలు పెద్దమ్మా. నడుమ ఇడిస్తే మళ్ల మొదటికే.
బండ మీద ఉత్తకాళ్లు మాత్రం వద్దు,
మడిమె కాడ మందమున్న చెప్పులేస్కో."
"అన్నం కాడనా?" అన్న.
ఆ పిల్ల నవ్వలే.
"పాదం గూడ అన్నం తినే ఒళ్లే గద," అన్నది.

ఈదమ్మ గంటె కింద పెట్టింది.
"పొయ్యికాడ చెప్పులా సైదమ్మా!
అన్నం మొఖం చాటేస్తది."
చండూరుల కొన్న, నీలి జత.
రోడ్డు మొఖం చూడనియ్యలే వాటిని.
బోళ్లతోపాటు కడిగి
మొలకు తలిగేసేది.
అయినా పదకొండొద్దులు
ఈదమ్మ నాతోని మాట్లాడలే,
ఉప్పు అడిగినా పిల్లలతోని అడిగిచ్చేది.

కిరాణం యాదగిరి డబ్బాల
పాలఐసుల నడుమ నా సీసా.
"గిదేం ఐసు పెద్దమ్మా, ఎంతకిస్తవు?" అని
పోరగాండ్లు ఎగతాళి.

పన్నెండో దినం గంజి పారబోసి వస్తే
ఈదమ్మ గోడకు ఒరిగి
తన మడిమె తానే పిసుక్కుంటుంది.
నన్ను చూసి కొంగు కప్పింది.
నేనేమనలే.
సీసా ఆమె దిక్కు దొర్లిచ్చిన.
ఇప్పుడు మొలకు రెండు జతలు,
ఆమెది ఎర్రది.

ఐదు నెలలైంది.
సూది పోయిందనను,
మొద్దువారింది.
తువ్వాల గుంజి లెక్కవెడుతుంటే
ఒక్కొక్కపారి ఇరవై కాడ ఆగిపోత.
అమ్మకు ఎవలూ ఇన్ని లెక్కవెట్టమని చెప్పలే.
మళ్ల ఒకటి నుంచి మొదలువెడత.

ఇయ్యాల మంచం దిగి
గోడ పట్టుకునుడు మరిచిపోయిన.
మరిచిపోయిన సంగతి
బియ్యం కడుగంగ యాదికొచ్చింది.