లేపినదెవరు

మిర్చి యార్డు మూడో గేటు పక్క
మా కమీషన్ కొట్టు.
ఇంటికెళ్ళేముందు కంప్యూటర్ని పడుకోబెడతాను,
రాత్రి రెండూ పదికి లెమ్మని చెప్పి.

లేస్తుంది.
తెర వెలిగించదు, చూసేవాళ్ళు లేరని తెలుసు.
ఫ్యాను ఒక్కటే గొంతు సవరించుకుంటుంది.
ఆనాటి టిక్కీలు, తేమ కోతలు, రైతుల బాకీలు
ఇంకోచోట కాపీ చేసి
నాలుగు నిమిషాల్లో మళ్ళీ కన్ను మూస్తుంది.

మొదటి రాత్రి ఆ చప్పుడుకి
వాచ్‌మన్ నాగుల్ మీరా కర్ర పట్టుకుని
బస్తాల సందులన్నీ వెతికాడట.

పొద్దున్నే లాగ్ చూడటం నాకలవాటు.
ఎప్పుడు లేచిందో, ఎవరు లేపారో
అన్నీ రాసుకుంటుందది.
టైమర్. టైమర్. టైమర్.
మొన్న మంగళవారం మాత్రం
మూడూ నలభైకి: మౌస్.

ఎలకేనేమో అన్నాను నవ్వుతూ.
నాగుల్ మీరా నవ్వలేదు.
"నేనే సార్. ఘాటుకి దగ్గొచ్చి మెలకువైంది.
అది కూడా మేలుకునే ఉందేమోనని
కాస్త కదిపా."

ఇవాళ సెట్టింగుల్లోకి వెళ్ళి
తెర ఆరిపోయే టైము
ఐదు నిమిషాల నుంచి గంటకు పెంచాను.
కరెంటు బిల్లు సంగతి
షావుకారు అడిగినప్పుడు చూద్దాం.