గట్టు మీద బేరం

ఫోటోలో కుట్టుమిషను
నూనె రాసిన జడలా నల్లగా మెరుస్తోంది.
మూడు వేలేనట.
"మిలిటరీ వాణ్ణి మేడమ్, బదిలీ అయింది,
గేటు పాసుకి ఐదొందలు వేయండి చాలు."

పిన్నులో రెండంకెలు నొక్కేశాను కూడా.
గేదె ఇంకా నీళ్లలోనే ఉందే అనిపించి
ఆగింది వేలు.

"సూదిలో దారమెక్కించి
ఒక్క గీత కుట్టి వీడియో పెట్టన్నా."

రెండు నీలం టిక్కులు.
కాసేపటికి అతని మీసం ఉన్నచోట
బూడిదరంగు బొమ్మ.

ఆదివారం వ్యాసర్‌పాడి నుంచి
లోకల్ రైల్లో అంబత్తూరు పోయాను.
దేవనాయకి అక్క మిషను చక్రానికి తుప్పు,
చెక్క మీద టీ గ్లాసు మచ్చ.
తొక్కి చూశాను.
చంకలో చిరిగిన నా జాకెట్టు
అక్కడే కుట్టుకుని
అప్పుడు తీశాను నోట్లు.

ఆరువేల రెండొందలు.
ఆ రెండొందలూ తగ్గించలేదు మహాతల్లి.