పదహారూ పది

నేను సైనికుణ్ణి కాను, ముందే చెప్పేస్తున్నా.
తుపాకీ ముట్టలేదు, కవాతు చెయ్యలేదు.
డూడర్‌స్టాట్ నుంచి తూర్పుకి ఇరవై రెండేళ్లు బస్సు తోలాను.
తూర్పుకి అంటే ఎంతో కాదు, పదకొండు కిలోమీటర్లు.
ఆ తర్వాత రోడ్డు
మాట మధ్యలో ఆగిపోయిన మనిషిలా ఉండేది.
ఎరుపూ తెలుపూ అడ్డకర్ర, గడ్డి మొలిచిన తారు, అటుపైన కంచె.
అక్కడ బస్సు తిప్పుకోవాలి
ముందుకీ వెనక్కీ, మూడు సార్లు.

ఇప్పుడు మా నేలమాళిగలో
మా వైపు కాపలావాళ్ల నీళ్లసీసాలు ఆరున్నాయి,
రెండింటి ఊలు తొడుగులు చిమ్మెటలు తిన్నాయి.
మడతపార ఒకటి. రొట్టెసంచులు,
ఒకదాంట్లో ఇంకా ఎవరిదో సబ్బు వాసన.
బురదమచ్చల డేరాగుడ్డ, మూడు మూలలది.
ఆ వైపువాళ్లది నాలుగు మూలలది, దాని మీద సన్నని వానగీతలు.
రెండూ కలిపి గుండీలు పెడదామని
ఒక చలికాలమంతా కుస్తీ పట్టాను.
కుదర్లేదు.

మా రోట్రౌట్ అంటుంది:
"కంచె పీకేశారని దేశమంతా పండగ చేసుకుంటే
నువ్వు దాన్ని ముక్కలు ముక్కలుగా ఇంటికి మోస్తున్నావు."
నేను జవాబు చెప్పను. తోలు పట్టీలకి కొవ్వు రాస్తుంటాను.

నిన్న కుట్టి నలభై ఏళ్ల నాటిదని అమ్మేవాళ్లుంటారు.
నాకు ముక్కు చాలు.
నకిలీ గుడ్డ టీ డికాషన్ వాసనేస్తుంది,
అసలుది తడిసిన కుక్క వాసన.

మార్చిలో ఒక ఆదివారం, లైనెఫెల్డె సంతలో
మెడ మీద పిచ్చుక పచ్చబొట్టున్న రికో అనే కుర్రాడు
ఎవరిదో అటకంతా గంపగుత్తగా కొన్నాడట. ఎవరిదని అడగలేదట.
మ్యాప్ సంచి పంతొమ్మిది యూరోలన్నాడు.
కట్టుకి పట్టిన తుప్పు చూపించాను. పద్నాలుగుకి దిగాడు.

లోపలి అరలో, పసుపెక్కిన ప్లాస్టిక్ వెనక
అరచెయ్యంత నోటుపుస్తకం.
ఇలాంటివి ఇంటికి తెచ్చుకోకూడదు వాళ్లు.
తెచ్చుకున్నాడు.

06:40. బస్సు. తిరిగింది.
12:15. బస్సు. ముగ్గురు దిగారు, ఒక కుక్క.
16:10. బస్సు. డ్రైవరు చెయ్యెత్తాడు. బదులివ్వలేదు.

అవును, ఎత్తేవాణ్ణి.
స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లు, అంతే.
రోజూ నీ మొహంకేసి చూసేవాణ్ణి
పలకరించకపోతే ఏం బాగుంటుంది?
అటు నుంచి ఏనాడూ ఏమీ లేదు.
బైనాక్యులర్సుకి చేతులుండవు కాబోలు అనుకునేవాణ్ణి.

చెయ్యెత్తాడు. బదులివ్వలేదు.
చెయ్యెత్తాడు. బదులివ్వలేదు.
ఒక చోట, పొద్దున: చెయ్యెత్తాడు, తుమ్మాడు.
ఇలా పదకొండు పేజీలు.

ఆపైన నవంబరు.
16:10. వేరే డ్రైవరు.
16:10. వేరే డ్రైవరు.
ఆ తొమ్మిది రోజులూ నేను గోటింగెన్ ఆసుపత్రి వరండాలో
మా మెలిటా ఊపిరి లెక్కపెడుతున్నాను.
(బతికింది. ఇప్పుడు దానికి మోకాళ్ల నొప్పులు.)
డిపోలో సెలవు చీటీ అడిగారు, పిల్ల సంగతి అడగలేదు.

పదో రోజు:
16:10. పాత డ్రైవరు.
కింద గీత.
ఎంత గట్టిగా గీశాడంటే
వెనక పేజీని వేలితో తడిమినా తెలుస్తుంది.
చెయ్యెత్తాడు, అని ఉంది.
దాని తర్వాత రావలసిన మాట
ఆ రోజు రాయలేదు.

రోట్రౌట్ అద్దాలు పెట్టుకుని రెండు సార్లు చదివింది.
నీళ్లసీసాలు పక్కకి జరిపి
అరలో కాస్త చోటు చేసింది.

నేను ఆ సాయంత్రాన్ని తవ్వుతూనే ఉన్నాను.
మంచు పడిందా? కిటికీలో ఏమైనా కదిలిందా?
ఏమీ దొరకదు.
చెయ్యి దించేసి ఉంటాను,
మెడ తిప్పి, రివర్సు గేరు వేసి,
ఖాళీ సీట్ల మీదుగా
వెనక అద్దంలోకి చూస్తూ ఉండి ఉంటాను.