పదిహేడో అంశం

ఉరుకుందమ్మా, ఆ కుర్చీలో ముందుకు జరిగి కూచో.
వెనక్కి ఆనుకుంటే కాళ్లు నేలకందవు.
ఆ కుర్చీలు చేయించినోళ్లు ఎవరి కొలతలు తీసుకున్నారో గానీ
నీ కొలత మాత్రం కాదు.

నేను దస్తగిరి, అటెండరును.
ఇరవై ఎనిమిదేండ్లుగా కర్నూలు కార్పొరేషన్‌లో
ఈ తలుపు కాడ నిలబడినా.
లోపల ఎవరేం మాట్లాడినారో మినిట్సు బుక్కులో ఉంటాది.
ఎవరు మాట్లాడకుండా ఊరికున్నారో
నా తలకాయలో ఉంటాది.

కౌన్సిల్ అంటే పెద్ద హాలు.
ఆడ మైకులుంటాయి, పేపరోళ్లుంటారు, బల్లలు గుద్దుతారు.
నీళ్లు రాలేదని ఖాళీ బిందె తెచ్చినాయన ఒకడు,
ఆ బిందె ఇంకా స్టోరు రూములోనే ఉండాది,
అడిగినోళ్లు లేరు.
స్టాండింగ్ కమిటీ అంటే ఈ చిన్న గది.
ఈడ ఎవరూ అరవరు.
దుడ్లు ఖర్చయ్యేది ఈడనే,
అందుకే అరవరు.

కోరం ఉందా లేదా అని సెక్రటరీ రిజిస్టరు చూస్తాడు.
నేను టీ గ్లాసులు చూస్తా.
రెండు గ్లాసులు పోతే మీటింగు లేదు.
నాలుగు పోతే ఉంది.
ఐదోది కూడా పోయిందంటే
ఆ పొద్దు ఏదో పెద్ద కాంట్రాక్టు ఉంది.

ఎజెండా ముందుగా అందల్లని రూలు.
రాత్రి తొమ్మిదికి అందుతాది, నేనే తెస్తా, సైకిల్ మీద.
నలభై పేజీలు.
నువ్వు చివరి నుంచి చదువు.
చీపుర్లు, సున్నం, బ్లీచింగ్ పౌడరు ముందుంటాయి,
వాటికి కాదనేటోడు ఉండడు.
కాదనాల్సింది వెనక ఉంటాది,
అప్పటికి అందరికీ ఇల్లు గుర్తొస్తాది.

ఇంకోటి. టేబుల్ అంశం అంటారు.
ఎజెండాలో ఉండదు, బల్ల మీదికి అప్పుడే వస్తాది,
మడత నలగని కాగితం.
అది కనపడితే నీళ్లు తాగు.
తాగి, "చదవండి" అను.

ఇదంతా ఆమెకు చెప్పల్లనుకున్నా.
చెప్పలా.
ట్రే పట్టుకున్నోడు సలహాలిస్తే ట్రే పోతాది.
పింఛనుకు ఇంకా రెండేండ్లుంది.

ఆ పొద్దు పదిహేడో అంశం:
హంద్రీ ఒడ్డు సందుకు మంజూరైన నాలుగు లైటు స్తంభాలను
ప్రజావసరార్థం వేరొక చోటికి మార్చుట.
సూపరింటెండెంటు సంజీవప్ప
పదహారు, పదిహేడు, పద్దెనిమిది
ఒక్క ఊపిరిలో చదివేసినాడు.
ఆమోదం, ఆమోదం అని రెండు గొంతులు.
మూడోది దగ్గు.

"యా చోటికి?" అన్నది ఉరుకుందమ్మ.
గట్టిగా కాదు,
టమాటాల గంప కాడ ధర అడిగినట్టు.
సంజీవప్ప కాగితం తిప్పినాడు. ఆ పక్క ఏమీ లేదు.
ఇంజనీరు దిక్కు చూసినాడు.
ఇంజనీరు ఫోను దిక్కు చూసినాడు.
"మా సందులో ఎన్ని గడపలో నేను లెక్కబెట్టొచ్చినా.
పోయే చోట ఎన్నో మీరు చెప్పండి."
ఫ్యాను తిరిగే చప్పుడు.
ఐదు గ్లాసుల్లోనూ టీ మీద మీగడ కట్టింది.
నా సర్వీసులో అట్లాంటిది చూడలా.

వాయిదా అని రాసినారు.
వాయిదా అంటే గెలుపు గాదు,
బీరువాలో పండుకున్న ఫైలు.
రెండో మీటింగులో లేపింది. మూడోదాంట్లో మళ్లా లేపింది.
నాలుగు స్తంభాల్లో రెండు వచ్చినాయి.
బల్బులు రాలా.
బల్బులు వేరే పద్దంట,
వచ్చే నెల ఇరవై రెండో అంశం.

నిన్న రాత్రి ఆ కాగితాలు ఇయ్యడానికి పోయినా.
సందు చీకటిగానే ఉండాది, సైకిల్ దిగి నడిచినా.
కొత్త స్తంభం చేతికి తగిలింది, చల్లగా.
ఆమె గడపలో కూచోనుంది,
పక్కన సగం తిన్న ఉగ్గాని,
సెల్ ఫోను వెలుగులో పాత ఎజెండా.
చివరి పేజీ నుంచి ముందుకు తిప్పతా ఉంది.

ఎవరు చెప్పినారమ్మా అని అడగలా.
సంతకం పెట్టించుకోని వచ్చేసినా.