తొట్టి

పాత ఇనుము కింద కాటాకి వేస్తే ఎంతొస్తుందో
మా తమ్ముడు టోర్గైర్ అప్పుడే లెక్క కట్టేశాడు,
సిగరెట్ పెట్టె వెనక, బొగ్గు ముక్కతో.
చక్రాల్లేవు. ఇరుసు లేదు. ముందుండాల్సిన కొక్కెమూ లేదు.
పదిహేనేళ్లుగా గొర్రెలు నీళ్లు తాగుతున్న తొట్టి.
అంతకు ముందు నాన్న అందులో బీట్ దుంపలు పోసేవాడు.
ఆ ముందటి సంగతి
ఈ డకోటా గాలికి తెలిస్తే తెలియాలి.

నేనే కబురు పెట్టాను హాల్వర్డ్ టేగెన్‌కి.
ఎనభై ఒకటో ఏడు. సైన్యంలో, బండ్ల షెడ్డులో
పదకొండేళ్లు అన్నంతోపాటు గ్రీజు తిన్న మనిషి.
వచ్చాక కాసేపు పలకలేదు.
కుండ కొనేవాళ్లు తట్టి చూసినట్టు
వేలి కణుపుతో తట్టాడు,
ఈ పక్క, ఆ పక్క,
మోకాళ్ల మీద కూలబడి అడుగున.
"కమ్మరి కొట్టిన రేకు కాదమ్మా ఇది,
అచ్చులో వత్తింది."

ఇనుప బ్రష్షు తీశాడు.
పైన నాన్న వేసిన నీలం, కొట్టం తలుపుకి వేయగా మిగిలింది.
దాని కింద ఎర్రమన్ను రంగు, ఎవరిదో.
దానికీ కింద పచ్చ.
పైరు పచ్చ కాదు, పాచి పచ్చ కాదు,
ఎవరి కంటా పడకూడదని కలిపిన పచ్చ.
పక్కరేకు మీద చిన్న చిన్న బొక్కలు నాలుగు,
నలుచదరంగా.
పేరు చెక్కిన పలక ఎప్పుడో రాలిపోయింది,
దాన్ని బిగించిన చోటు మాత్రం ఇంకా ఉంది.

ఇక అడుగున రెండు పెద్ద బొక్కలు.
అవి తూటాలు దిగినవని
మా సిగ్రిడ్ బడంతా చెప్పుకుంది,
తొమ్మిదేళ్ల పిల్ల, దానికో యుద్ధం కావాలి.
వాటికి గుడ్డలు కుక్కి, కొవ్వు పూసి,
కారిన ప్రతిసారీ తిట్టుకున్నది నేను.
హాల్వర్డ్ బొటనవేలు లోపల పెట్టి తిప్పాడు.
"తూటా అయితే అంచు చిరుగుతుంది పాపా.
ఇదిగో, వేలు పెట్టి చూడు, మరలు కోసి ఉన్నాయి.
ఇవి బిరడాల చోట్లు.
తీస్తే వాననీరు పోతుంది.
బిగిస్తే బండి పడవవుతుంది, ఏరు దాటుతుంది."
"మరి యుద్ధానికి వెళ్లలేదా?"
"ఏమో. నేనెరిగినవి మటుకు
ఎక్కువగా బంగాళాదుంపలే మోశాయి."
సిగ్రిడ్ మొహం చూడాలి.

అది మార్చి. ఏప్రిల్లో మంచు ఒక్కసారిగా కరిగింది.
వాగు, దారి, కంచె అన్నీ ఒకటే నీళ్లు.
తూర్పు మిట్ట మీద పదకొండు గొర్రెలు, పిల్లలతో.
ఇత్తడి బిరడాలు రెండు కొనుక్కొచ్చాను.
తుప్పు తిన్న మరలు హాల్వర్డ్ మళ్లీ కోశాడు,
చేతులు వణుకుతున్నా, మర వంకర పోలేదు.
మునుగుతుందని టోర్గైర్ అయిదు డాలర్ల పందెం.

తేలింది.
కొంచెం ఎడమకి ఒరిగి,
నిద్రలో లేపిన మనిషిలా విసుగ్గా,
కానీ తేలింది.
తాడు కట్టి లాగాం, మూడేసి గొర్రెల చొప్పున.
తమ తల్లులు నీళ్లు తాగిన తొట్టిలో నిలబడి
మెడలు బయటికి చాచి
అవి వరద తాగాయి.
ఒక పిల్ల మూలకి ముడుచుకుని పడుకుంది.
తొట్టి అంటే ఉయ్యాల కూడా కదా,
ఆ మాట నాకప్పుడే గుర్తొచ్చింది.

పందెం డబ్బు టోర్గైర్ ఇంకా ఇవ్వలేదు.
కాటా లెక్క రాసిన అట్ట మాత్రం పొయ్యిలో వేశాడు,
నేను చూడలేదనుకుని.

నీలం అంతా గీకేస్తానంటే వద్దన్నాను,
బ్రష్షు గుర్తులు నాన్నవి.
అందుకే సగం నీలం, సగం ఆ దాగుడు పచ్చ,
ఇప్పుడు కొట్టం పక్కన దిమ్మల మీద ఉంది.
వేసవికి తేనెపెట్టెలు మోయించాలి దాంతో,
క్లోవర్ పూసే చేలకి.
ఇరుసొకటి కావాలి.
హాల్వర్డ్ కొలత రాసిచ్చాడు,
నా కోటు జేబులో ఉంది.
దారిలో ఏ పాత బండి కనబడ్డా
ఆగి, కిందికి వంగి,
ముందు తట్టి చూస్తున్నాను.