ఐసు పెట్టె

పోలేశ్వరి. తొమ్మిదేళ్లు.
కేసు షీటులో మొదటి వాక్యం నాదే:
"మూడు వారాలుగా ప్రవర్తనలో మార్పు."
ఎంత నున్నటి వాక్యం!
పొలుసు గీకేసినట్టు
అందులోంచి పిల్లని గీకేశాను.

జరిగింది వేరు.
పదమూడో ఎక్కం మధ్యలో ఆగిపోయింది.
కంచంలో ఎవరో ఉన్నారని లేచి పరుగెత్తింది.
తమ్ముణ్ణి కొరికింది. నిద్ర మానేసింది.
తర్వాత ఒక్కొక్క మాటా పోయి
"అప్ప" ఒక్కటే మిగిలింది.

జాలారిపేట గాలి సోకిందంది,
మొలకి తాయెత్తు కట్టింది.
మేమేం తక్కువ తిన్నామా?
ఎమ్మారై శుభ్రంగా ఉంది కదాని
"పిచ్చాసుపత్రికి రాసెయ్" అన్నారు పెద్దాయన.
నేను పెన్ను మూత తీశాను.

నాయనమ్మ మసేనమ్మ
నా కోటు అంచు పట్టుకుంది.
"బావూ, ఒకపాలి సూడు.
నిద్దట్లో కూడా నోరు నములుతాది.
దెయ్యానికైనా కునుకుండదేటి?"

రాత్రి రెండు. కేజీహెచ్ పిల్లల వార్డు.
స్టూలు లాక్కుని ఇరవై నిమిషాలు కూర్చున్నాను.
పెదవులు చప్పరిస్తున్నాయి, నాలుక మెలిపడుతోంది,
కుడిచెయ్యి గాల్లో వల లాగుతున్నట్టు...
కాదు.
పోలికలు తర్వాత.
పిలిస్తే ఆగదు, పట్టుకుంటే ఆగదు. అదే రాశాను.

పొద్దున రొయ్యలా ముడిచి పడుకోబెట్టి
నడుములోంచి నీరు తీశాం.
చూపుకి తేటే. లెక్కపెడితే కణాలెక్కువ.
ఈఈజీలో అలలు బద్ధకంగా ఉన్నాయి.
ఒంటి కాపలాయే మెదడు మీద పడిందని
ఎల్లాజీకి చెప్పాను.
"ఇంటి కుక్కే కరిసిందన్నమాట" అన్నాడు.
ఇంతకంటే బాగా ఏ పాఠంలోనూ చదవలేదు.

ఆ నీరు చల్లగా వేరే ఊరు వెళ్లాలి.
వార్డు ఫ్రిజ్ చచ్చి వారమైంది.
"ఐసు సంగతి నాకొదిలెయ్ బావూ."
హార్బరు ఐసు ఫ్యాక్టరీలో పదకొండేళ్ల పని అతనిది.
చేపల వాసనేసే థర్మాకోల్ పెట్టె,
రంపంపొట్టు, మూడు పొరల ప్లాస్టిక్,
నడుమ రెండు మిల్లీలీటర్ల తన కూతురు.

జవాబుకి తొమ్మిది రోజులు.
ఆగకుండా స్టెరాయిడ్ మొదలెట్టాం.
యాంటీబాడీలు ఉన్నాయని కాగితం వచ్చిన నాడు
పోలేశ్వరి నర్సుని ఒక బూతు తిట్టింది.
వార్డంతా నవ్వింది. మసేనమ్మ ఏడ్చింది.
నడక ఇంకా రాలేదు.

కేసు షీటులో మొదటి వాక్యం కొట్టేసి
కింద రాశాను: "నిద్రలోనూ నోరు నములుతోంది.
గమనించినది: నాయనమ్మ."

పోయినేడు పాయకరావుపేట పిల్లాడొకడు.
నేనే రాసి పంపించాను.
పేరు గుర్తు రావడం లేదు.
నోటివైపు చూశానో లేదో
అదీ గుర్తు లేదు.